పీహెచ్‌సీ నర్సులకు ఐదేళ్లలో 150 గంటల శిక్షణ: ఏది లెక్కలోకి వస్తుంది? ఏం అడిగి తెలుసుకోవాలి?

మీరు జీఎన్‌ఎం పూర్తిచేసి పదిహేను, ఇరవై ఏళ్లు దాటిందా? అయితే బిడ్డ పుట్టగానే బొడ్డుతాడుకు క్లాంప్ వేసి వెంటనే కోయాలనే నేర్చుకుని ఉంటారు. ఇప్పుడు బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగమంటున్నారు. ఆ కాస్త సమయంలో మాయ నుంచి వచ్చే రక్తం బిడ్డకు ఇనుము నిల్వగా మారుతుంది. బిడ్డ గట్టిగా ఏడుస్తున్నా నోరు, ముక్కు సక్షన్ చేయడం అప్పట్లో అలవాటు. ఇప్పుడు ఆ అవసరం లేదంటున్నారు. గుండె ఆగిన పెద్దవాళ్లకు ముందు శ్వాసమార్గం చూడాలని పాత పాఠం. 2010లో వచ్చిన మార్గదర్శకాలు ఛాతీ నొక్కడంతోనే మొదలుపెట్టమన్నాయి. పాము కాటుకు పైన బిగించి కట్టు కట్టడమూ పోయింది.

ఇవేవీ పెద్దాసుపత్రికే పరిమితమైన సంగతులు కావు. రాత్రి డ్యూటీలో, డాక్టర్‌గారు ఫోన్లో మాత్రమే దొరికే వేళ, మీ చేతుల మీదుగా జరగాల్సిన పనులు.

నిబంధన ఏం చెబుతోంది?

నర్సుల రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. అందుకు ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య, అంటే సీఎన్‌ఈ, పూర్తిచేయాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. ఏడాదికి 30 గంటలు. రెన్యువల్ చేసేది మాత్రం రాష్ట్ర కౌన్సిలే కాబట్టి ఏ పత్రాలు కావాలో, ఏ శిక్షణకు ఎన్ని గంటలు ఇస్తారో అక్కడే అడగాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. అందువల్ల పాత సర్క్యులర్ల జిరాక్సులు చూసి ధీమాగా ఉండకండి.

రెగ్యులర్ ఉద్యోగమా, కాంట్రాక్టా అన్నదానితో దీనికి సంబంధం లేదు. రిజిస్ట్రేషన్ మీ పేరు మీద ఉంటుంది, గడువు చూసుకోవాల్సిందీ మీరే.

గంటలు ఎక్కడ దొరుకుతాయి?

నిజానికి పీహెచ్‌సీ నర్సుకు శిక్షణలకు కొదవ లేదు. సురక్షిత ప్రసవాలకు ఇచ్చే ఎస్‌బీఏ శిక్షణ 21 రోజులు. రోజుకు ఆరు గంటలే అనుకున్నా 126 గంటలు. నవజాత శిశు సురక్ష కార్యక్రమం కింద రెండు రోజులు. ఇవికాక బీపీ, షుగర్ స్క్రీనింగ్, ఐయూసీడీ, టీకాలు... చిక్కల్లా ఎక్కడంటే, శిక్షణకు వెళ్లడం వేరు, అది సీఎన్‌ఈ గంటలుగా నమోదవడం వేరు. కార్యక్రమానికి రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా, సర్టిఫికెట్‌పై గంటలు రాసి ఇస్తారా అన్నది వెళ్లేముందే అడగండి. హాజరుపట్టీలో సంతకం పెట్టి, భోజనం చేసి, ఉత్తచేతులతో వచ్చేవాళ్లు చాలామంది. ప్రభుత్వమే పంపిన శిక్షణను నర్సు మళ్లీ కాగితాలతో నిరూపించుకోవాల్సి రావడం న్యాయం కాదు. కానీ ప్రస్తుతానికి ఆ కాగితమే మీకు రక్ష. సర్టిఫికెట్, డిప్యుటేషన్ ఆర్డరు కాపీ రెండూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆన్‌లైన్ కోర్సులు చాలవా?

మందుల మోతాదులు, రికార్డులు, మార్గదర్శకాల్లో మార్పులు తెలుసుకోవడానికి బాగానే పనికొస్తాయి. ఏడవని బిడ్డకు బ్యాగ్ అండ్ మాస్క్‌తో శ్వాస అందించడం వీడియో చూస్తే రాదు. పుట్టిన మొదటి నిమిషంలోనే అది మొదలవ్వాలి. మాస్క్ ముఖానికి సరిగ్గా ఆనకపోతే గాలి పక్కనుంచి పోతుంది, ఛాతీ లేవదు. ఏడాదికి పది ప్రసవాలు కూడా జరగని పీహెచ్‌సీలో ఆ అవసరం ఎప్పుడో ఒకసారి వస్తుంది, కాబట్టి చేయి మొద్దుబారుతుంది. మీ దగ్గర శిక్షణ బొమ్మ ఉంటే స్టోర్ రూమ్‌లోంచి బయటకు తీయండి. నెలకోసారి డ్యూటీ మారే వేళ పావుగంట, ఇద్దరు కలిసి చేసి చూసినా చాలు. దీనికి గంటలు రాకపోవచ్చు, సర్టిఫికెట్ అసలే రాదు.

వెళ్తే డ్యూటీ ఎవరు చూస్తారు?

అసలు అడ్డంకి ఇదే. ముగ్గురు స్టాఫ్ నర్సులున్న చోట ఒకరు 21 రోజులు వెళ్తే మిగతా ఇద్దరే పగలూ రాత్రీ పంచుకోవాలి. అందుకే చాలాచోట్ల మెడికల్ ఆఫీసర్లు పంపడానికి వెనకాడతారు, తోటి నర్సులూ మొహం చిట్లిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. శిక్షణ తేదీలు తెలిసిన వెంటనే, ఆ రోజులకు పక్క పీహెచ్‌సీ నుంచి ఒకరిని సర్దమని మీ మెడికల్ ఆఫీసర్ ద్వారా డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే ఫైలు కదలదు.

సీహెచ్‌ఓ కోర్సు ఇందులోకి వస్తుందా?

దాని దారి వేరు. 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల కోసం నర్సులకు ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. అది మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టుకు అర్హత. ఆ కోర్సు చేసినవారు కూడా నర్సులే కాబట్టి ఐదేళ్ల రెన్యువల్ వాళ్లకూ తప్పదు. కోర్సులో గడిపిన నెలలకు సీఎన్‌ఈ గంటలు వస్తాయని అనుకోకుండా, మార్కుల మెమో, సర్టిఫికెట్ జతచేసి కౌన్సిల్ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. గడువుకు కనీసం ఆరు నెలల ముందు అడిగితే, తక్కువ పడ్డ గంటలు పూర్తిచేసుకునే వ్యవధి ఉంటుంది.