కుక్కలలో లింఫోమా: నొప్పి లేని వాపును నిర్లక్ష్యం చేయరాదు

పెంపుడు కుక్కకు దవడ క్రింద, భుజాల ముందు, వెనుక కాళ్ళ మోకాలి వెనుక బిళ్ళలు కట్టి, నొప్పి లేకుండా పెరుగుతున్నట్లయితే యజమానులు వెంటనే పశువైద్యుని సంప్రదించవలసి ఉంటుంది. కుక్కలలో తరచుగా కనిపించే క్యాన్సర్లలో ఒకటైన లింఫోమాకు ఇది తొలి సూచన కావచ్చును.

రోగనిరోధక శక్తినిచ్చే తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు ఒక రకము. ఇవి అదుపు తప్పి వృద్ధి చెందుటయే లింఫోమా. శోషరస గ్రంథుల నుండి ఇది కాలేయము, ప్లీహము, ఎముక మజ్జలకు వ్యాపించగలదు. నడివయస్సు దాటిన కుక్కలలో అధికముగా వస్తుంది. బాక్సర్, గోల్డెన్ రిట్రీవర్ వంటి జాతులలో దీని ముప్పు ఎక్కువ. తొలి దశలో కుక్క యథావిధిగా తిని తిరుగుతుండుటచే యజమానులు వాపును పట్టించుకొనరు. వ్యాధి ముదిరిన పిదప ఆకలి మందగించుట, బరువు తగ్గుట, కొన్నింటిలో అతిదాహము కనిపిస్తాయి.

బిళ్ళలు కట్టినంత మాత్రాన క్యాన్సర్ అని భావించరాదు. పిడుదుల (గోమార్ల) ద్వారా సంక్రమించే ఎర్లీకియోసిస్ జ్వరములోనూ గ్రంథులు వాచును. సన్నని సూదితో గ్రంథి నుండి కణములు సేకరించి సూక్ష్మదర్శినిలో పరిశీలించినచో చాలా సందర్భాలలో వ్యాధి నిర్ధారణ అవుతుంది. అవసరమైనచో గ్రంథి ముక్కను కూడా పరీక్షిస్తారు.

ఈ పరీక్షకు ముందే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఇవ్వరాదు. వీటి వలన వాపు తాత్కాలికముగా తగ్గి, వ్యాధి నయమైనదన్న భ్రమ కలుగుతుంది. నిర్ధారణ కష్టమగుటయే కాక, తదుపరి కీమోథెరపీ ప్రభావము కూడా తగ్గవచ్చును.

చికిత్స లేనిచో అత్యధిక కుక్కలు ఒకటి, రెండు నెలలలోనే మరణిస్తాయి. విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, ప్రెడ్నిసొలోన్‌లతో కూడిన చికిత్స వలన బి-కణ రకములో 80 శాతానికి పైగా కుక్కలకు వ్యాధి అదుపులోకి వస్తుంది. ఆయుష్షు సగటున సుమారు ఒక సంవత్సరము లభిస్తుంది. టి-కణ రకములో ఈ కాలము తక్కువ. పూర్తిగా నయమగుట అరుదు. ఈ చికిత్స భరించలేని వారు కేవలము స్టెరాయిడ్లతో కొద్ది వారాలు ఉపశమనము కలిగించవచ్చును. ఈ వివరాలన్నీ యజమానికి ముందుగానే తెలియజేయుట పశువైద్యుని బాధ్యత.

ఈ వ్యాధి మనుషులకు అంటుకొనదు. అయితే కీమోథెరపీ పొందుతున్న కుక్క మలమూత్రాలను చేతితొడుగులు ధరించి శుభ్రపరచాలి. గర్భిణులు, చిన్నపిల్లలు వాటికి దూరముగా ఉండాలి. కుక్కను నిమురునపుడు నెలకొకసారి గ్రంథులను తడిమి చూచుట ప్రతి యజమాని అలవరచుకొనదగిన జాగ్రత్త.