బంతితోపాటు దేశాలు దాటిన మార్తా

ఫుట్‌బాల్ పేరు ఎత్తితే చాలు, పీలే, మారడోనా, మెస్సీ అంటూ గుక్క తిప్పుకోకుండా పేర్లు చెప్పే పిల్లలు మన ఇళ్ళల్లో ఉన్నారు. "మరి ఆ ఆటలో ఆడవాళ్ళ పేర్లు చెప్పండర్రా" అని అడిగి చూడండి. బుర్ర గోక్కుంటారు. వాళ్ళకి చెప్పాల్సిన పేరు ఒకటుంది. మార్తా. పూర్తి పేరు మార్తా వియెరా ద సిల్వా. ఊరు బ్రెజిల్. ప్రపంచంలోకెల్లా మేటి క్రీడాకారిణిగా ఆరుసార్లు ఎంపికైన మనిషి. 2019లో ప్రపంచకప్ పోటీల్లో ఆమె గోల్స్ 17కి చేరాయి. అప్పటికి మగవాళ్ళ ప్రపంచకప్పుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన జర్మనీ ఆటగాడు క్లోజె లెక్క 16!

అంత గొప్పమనిషికి కూడా ఒకచోట కుదురుగా ఆడుకునే అదృష్టం చాలాకాలం దొరకలేదు. ఎందుకో చూద్దాం.

చట్టమే వద్దన్న ఆట

బ్రెజిల్ అంటే ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ అంటే బ్రెజిల్ అనుకుంటాం కదా! ఆ దేశంలోనే 1941లో ఒక ప్రభుత్వ శాసనం వచ్చింది. ఆడవాళ్ళ శరీర స్వభావానికి సరిపడని ఆటలు వాళ్ళు ఆడకూడదని దాని సారాంశం. అందులో ఫుట్‌బాల్ కూడా చేరింది. ఆ నిషేధం తీసేసింది 1979లో. అంటే దాదాపు నలభై ఏళ్ళు! చట్టం పోయినంత తేలిగ్గా మనుషుల మనసుల్లో ఉన్నది పోతుందా?

నిషేధం పోయిన ఏడేళ్ళకి, 1986 ఫిబ్రవరి 19న అలగోవాస్ రాష్ట్రంలోని దోయిస్ రియాషోస్ అనే చిన్న ఊళ్ళో మార్తా పుట్టింది. ఆ పేరుకి అర్థం 'రెండు వాగులు'. వాగుల మాట ఎలా ఉన్నా, అది ఎండలు మండే కరువు ప్రాంతం. పిల్ల చంటిదిగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లి తెరెజా నలుగురు పిల్లల్ని ఒంటి చేత్తో పెంచుకొచ్చింది. మార్తా కూడా చిన్నప్పుడే సంతలో పళ్ళు అమ్మి ఇంటికి ఆసరా అయ్యింది.

ఆడుకోడానికి మంచి బంతి ఎక్కడిది? గాలి పోయిన బంతో, సంచులు ఉండలా చుట్టినదో దొరికితే అదే భాగ్యం. వీధిలో మగపిల్లలతోనే ఆట. ఇంట్లో అన్నకి అది ససేమిరా ఇష్టంలేదు. పక్క ఊళ్ళో జరిగిన పిల్లల పోటీల్లో అయితే, ఆ అమ్మాయి ఉండకూడదని అవతలి జట్టు కోచ్ అడ్డం తిరిగాడు. మరి ఆ పిల్ల గోల్ మీద గోల్ చేస్తుంటే ఆయనకి కష్టమేగా!

మూడు రోజుల బస్సు ప్రయాణం

2000లో, పద్నాలుగేళ్ళ వయసులో, మార్తా రియో డి జెనీరోకి బస్సెక్కింది. మూడు రోజుల ప్రయాణం. అక్కడ వాస్కో ద గామా క్లబ్బులో ఆట చూపించాలి. (అవును, మన కాలికట్ రేవుకి వచ్చిన ఆ నావికుడి పేరే.) జట్టులో చోటు దొరికింది. మన పదో క్లాసు పిల్లని పక్క ఊరి హాస్టల్లో వెయ్యడానికే వందసార్లు ఆలోచిస్తాం. ఆ తల్లి గుండె ఎంత గట్టిదో అనిపిస్తుంది.

రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ ఆడవాళ్ళ జట్టే లేకుండా పోయింది. మార్తా మరో రాష్ట్రంలో ఒక చిన్న క్లబ్బుకి మారింది. 2003లో పదిహేడేళ్ళకే బ్రెజిల్ తరఫున ప్రపంచకప్ ఆడింది. అక్కడ ఆమె ఆట చూసి స్వీడన్‌లోని ఊమియో క్లబ్బు వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో ఆటపట్టిస్తున్నారని మొదట అనుకుందట!

మంచు దేశంలో

2004లో ఎండల ఊరి పిల్ల మంచు దేశంలో దిగింది. భాష రాదు, తిండి కొత్త, చలి సరేసరి. అయినా ఆ ఏడాదే ఊమియో జట్టు యూరప్ క్లబ్బుల కప్పు గెలిచింది. 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగేళ్ళు స్వీడన్ లీగ్ కూడా వాళ్ళదే. ఆ లీగ్‌లో మార్తా చేసిన గోల్స్ వంద దాటాయి. స్వీడిష్ భాష చక్కగా నేర్చుకుంది. 2017లో ఆ దేశపు పౌరసత్వం కూడా పుచ్చుకుంది.

2006 నుంచి 2010 వరకు వరసగా అయిదేళ్ళు ప్రపంచ మేటి క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. ఆరోసారి 2018లో వచ్చింది. మెచ్చుకోలుగానే అయినా జనం ఆమెని 'లంగా కట్టిన పీలే' అన్నారు. ఆడదాన్ని పొగడాలన్నా పక్కన ఒక మగవాడి పేరు ఉండాలి కాబోలు!

కాళ్ళ కింద క్లబ్బులు కూలుతుంటే

2009లో మార్తా అమెరికా వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళ కోసం కొత్త లీగ్ మొదలైంది. లాస్ ఏంజెలెస్ సోల్ జట్టులో చేరి, ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసింది. మరుసటి జనవరికి క్లబ్బు మూతపడింది. 2010లో గోల్డ్ ప్రైడ్ జట్టులో చేరింది. వాళ్ళు చాంపియన్లయ్యారు. ఏడాది చివరికి అదీ మూతే. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్. మళ్ళీ చాంపియన్లు! 2012లో ఏకంగా లీగే ఎత్తేశారు.

మధ్యలో ఖాళీ దొరికినప్పుడు స్వదేశంలో శాంటోస్ క్లబ్బుకి ఆడేది. పీలే ఆడిన క్లబ్బది. 2012లో ఆ క్లబ్బు కూడా ఆడవాళ్ళ జట్టుని రద్దు చేసింది. తిరిగి స్వీడన్ వెళ్ళి టీరెషో జట్టులో చేరింది. 2014లో ఆ జట్టు యూరప్ చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది. మార్తా రెండు గోల్స్ చేసినా 4-3తో ఓడిపోయింది. ఆ తర్వాత కొద్దివారాలకే డబ్బుల్లేక దివాళా తీసింది. అప్పుడు రోసెంగోర్డ్ క్లబ్బుకి, 2017లో అమెరికాలో ఓర్లాండో ప్రైడ్‌కి మారింది.

అద్దె ఇల్లు మారాల్సి వస్తేనే సామాన్లు సర్దలేక మన ప్రాణం విసుగెత్తిపోతుంది. ఆమె ఖండాలు మారింది. గెలిచాక కూడా ఉద్యోగం పోవడమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇలా ఎందుకయ్యిందంటే, మగవాళ్ళ క్లబ్బులకి టిక్కెట్ల డబ్బు, టీవీ డబ్బు, తరతరాల అభిమానులు ఉన్నారు. ఆడవాళ్ళ జట్లు చాలావరకు ఒకరిద్దరు పెట్టుబడిదారుల మీదో, మగవాళ్ళ క్లబ్బు దయ మీదో నిలబడ్డాయి. టీవీలో చూపించకపోతే జనానికి తెలియదు. జనం రాకపోతే డబ్బు రాదు. డబ్బు బిగిసినప్పుడు ముందు కోత పడేది ఆడవాళ్ళ జట్టుకే. ఇంటి ఖర్చు తగ్గించాలంటే ముందు ఎవరి చీర ఆగిపోతుందో మనకి తెలియనిదా!

అందీ అందని కప్పు

దేశం తరఫున ఆమె ఆట సంగతి మరోటి. 2007 జూలైలో రియోలోని మరకానా స్టేడియంలో బ్రెజిల్ ఆడపడుచులు అమెరికాని 5-0తో ఓడించి పాన్ అమెరికన్ క్రీడల స్వర్ణం గెలిచారు. ఆ స్టేడియంలో మహానుభావుల పాదముద్రలు భద్రపరుస్తారు. వాటి సరసన మొదటి మహిళగా మార్తా పాదముద్రలు చేరాయి.

ఆ సెప్టెంబర్లో చైనాలో ప్రపంచకప్. సెమీఫైనల్లో మళ్ళీ అమెరికా మీద 4-0. అందులో నాలుగో గోల్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. గోల్‌కి వీపు పెట్టి నిలబడి, బంతిని ఎదుటి ఆటగత్తెకి ఒకవైపునుంచి తప్పించి, తను రెండోవైపునుంచి చుట్టుకెళ్ళి అందుకుని కొట్టేసింది! ఆ పోటీల్లో మొత్తం ఏడు గోల్స్. ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. కానీ ఫైనల్లో జర్మనీ చేతిలో 2-0తో ఓటమి. మార్తా కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసింది. పతకాలు తీసుకుంటూ ఆ అమ్మాయిలు ఒక బ్యానర్ పట్టుకున్నారు. మాకు చేయూత కావాలి అని దేశాన్ని అడిగారు. రెండో స్థానం తెచ్చిన జట్టు అలా అడుక్కోవాల్సి వచ్చింది.

ఒలింపిక్స్‌లో 2004లోను, 2008లోను వెండి. 2016లో సొంతగడ్డ మీద, ఆ మరకానాలోనే, సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడారు. ఓడించింది ఎవరో తెలుసా? ఆమెకి అన్నం పెట్టిన స్వీడనే!

బూటు మీద రెండు గీతలు

2019 ప్రపంచకప్ ఫ్రాన్స్‌లో. అప్పటికి మార్తాకి బూట్ల కంపెనీ ఒప్పందం లేదు. మగ ఆటగాళ్ళకిచ్చేదానితో పోలిస్తే తనకిస్తామన్నది మరీ తక్కువని ఆమె సంతకం పెట్టలేదు. నల్లబూట్లు వేసుకుని, వాటి మీద ఏ కంపెనీ ముద్రా లేకుండా గులాబీ, నీలం రంగుల్లో రెండు గీతలు పెట్టుకుంది. లెక్కల్లో మనం పెట్టే 'సమానం' గుర్తు. ఆస్ట్రేలియా మీద గోల్ చేసి ఆ బూటు వైపు వేలు చూపించింది. వెయ్యి ఉపన్యాసాల పెట్టు.

ఫ్రాన్స్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టిన రోజున కళ్ళనీళ్ళతో కెమెరాలోకి చూసి తన దేశపు ఆడపిల్లలతోనే మాట్లాడింది. మేము ఎల్లకాలం ఉండం, ఇక మీరు అందుకోవాలి, మొదట ఏడిస్తేనే చివర్లో నవ్వగలరు అని చెప్పింది. ఆ మరుసటి ఏడాది, 2020లో, జాతీయ జట్టుకి ఆడేటప్పుడు ఇచ్చే రోజు భత్యం, బహుమతి సొమ్ము ఆడా మగా అందరికీ సమానమేనని బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటించింది.

ముప్ఫై తొమ్మిదిలో

2022లో మోకాలి గాయంతో ఆట ఆగిపోయింది. అయిపోయిందనుకున్నారంతా. తిరిగి వచ్చింది. 2024లో పారిస్‌లో మూడో ఒలింపిక్ వెండి. అదే ఏడాది నవంబరులో ఓర్లాండో ప్రైడ్ అమెరికా లీగ్ చాంపియన్ అయ్యింది.

ఇక దేశానికి ఆడనని చెప్పి కూడా 2025లో మళ్ళీ వచ్చింది. ఆగస్టు 2న ఎక్వడార్‌లో దక్షిణ అమెరికా కప్పు ఫైనల్. కొలంబియా మీద బ్రెజిల్ 3-2తో వెనకబడింది. చివర్లో మైదానంలోకి దిగిన మార్తా ఆఖరి క్షణాల్లో స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో ఇంకో గోల్ కొట్టింది. మ్యాచ్ 4-4. పెనాల్టీలలో తన వంతు గురి తప్పినా తోటివాళ్ళు నిలబెట్టారు, కప్పు బ్రెజిల్‌దే. అప్పటికి ఆమె వయసు 39! 2027 ప్రపంచకప్ నిర్వహణ కూడా బ్రెజిల్‌కే దక్కింది. ఒకప్పుడు చట్టం పెట్టి ఆపిన దేశమే ఇది.

మన ఇంటి మైదానం

ఇదంతా ఎక్కడో జరిగిందిలే అనుకోకండి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడింది. 2022లో యూరప్‌లోని క్రొయేషియా వెళ్ళి డినామో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడింది. మన పల్లెల్లోంచి కూడా ఆ బస్సు బయల్దేరిందన్నమాట.

స్కూల్లో పరుగుపందెంలో ఫస్టు వచ్చిన పిల్లలు మన వీధిలోనే ఉంటారు. పెద్దమనిషి కాగానే, టెన్త్ రాగానే ఆట మానిపిస్తాం. నల్లబడిపోతుందనీ, కాలు విరిగితే సంబంధాలు రావనీ మనమే అంటాం. సాయంత్రం ఒక గంట ఆటకి వదలండి. కాలికి సరిపోయే బూట్లు కొనండి. పాలో, గుడ్డో, వేరుశనగ ఉండో తమ్ముడితో సమానంగా పెట్టండి. అందరూ మార్తాలు కాకపోవచ్చు. కానీ ఆడపిల్లకి చోటు లేదనే మాట ఆమెకి మైదానంలో అవతలి జట్టువాళ్ళ నోట వినబడింది. మన పిల్లకి ఇంట్లో అమ్మ నోట వినబడకూడదు.