హస్తనిక్షేపణ: అధికారానికి ప్రమాణమేది?

క్రైస్తవ గురువుకు అధికారం ఎక్కడినుంచి వస్తుంది? అపొస్తలులు మొదలుకొని బిషప్పులు తరతరాలుగా తలపై చేతులుంచి అందిస్తూ వచ్చిందే అధికారమని రోమన్ కాథలిక్కులంటారు. మన గురుపరంపర వంటి భావనే ఇది. విశ్వాసుల సమాజం ఇచ్చే పిలుపే ప్రధానమని కాంగ్రిగేషనల్ వారంటారు. ఒకరికి పరంపర ప్రమాణం, మరొకరికి సమాజం.

పరంపరను నమ్మేవారి మధ్య తగవు మరీ తీవ్రం. ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని 1896లో పోప్ 13వ లియో తీర్పు చెప్పాడు. ఆరవ ఎడ్వర్డు కాలంలో మార్చిన అభిషేక విధిలో బలి అర్పించే అధికారం మాట తీసివేశారు గనుక తంతులోనూ, ఉద్దేశంలోనూ లోపముందన్నాడు. ఆ కొలతతో కొలిస్తే ప్రాచీన రోమన్ విధులు కూడా నిలవవని 1897లో కాంటర్బరీ, యార్క్ ఆర్చిబిషప్పులు బదులిచ్చారు. కొలిచేవాడే తూకపురాళ్లు తయారుచేసుకుంటే తగవు తీరేదెలా?

ఈ ప్రశ్న తెలుగు పల్లెలకూ వచ్చింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు ఏకమయ్యారు. బిషప్పు చేయి పడని పాస్టర్లను మళ్లీ అభిషేకించకుండానే స్వీకరించారు; ఇకమీదట అభిషేకాలు బిషప్పులే చేయాలన్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పలువురు వెలుపలే ఉండిపోయారు. కారణం వేదాంతమొక్కటే కాకపోయినా, ఒకే ప్రభువును కొలిచే జనం మధ్య గోడ లేచింది. 1970 దశకంలో గాని అక్కడి ఆంగ్లికన్ మండలం ఆ సంఘంలో కలవలేదు.

పరంపరల చెల్లుబాటు తేలాకే ఏకమవుదామనుకొని ఉంటే ఆ ఐక్యత వచ్చేదే కాదు. అధికారానికి వంశావళి వెతికేవారు, ఆ అధికారం ఎవరి సేవకోసమో ముందు చెప్పాలి.