కంప్యూటరుకు తెలియని కరువు

పిల్లలూ, మీ అవ్వకు తెలిసిన సంగతి కంప్యూటరుకు తెలియకపోతే, మీరు ఎవరిని నమ్ముతారు? మా కంబదూరు అమ్మాయి ఒకతెకు సరిగ్గా ఈ చిక్కే వచ్చిపడింది.

ఆ అమ్మాయి ఒకప్పుడు నా బడిలో చదివినదే. ఇప్పుడు అనంతపురంలో ఒక కాలేజీలో బి.ఏ. చదువుతున్నది. వాళ్ళ చరిత్ర పంతులుగారు ఎవరి ఊరికి సంబంధించిన పాత సంగతి ఒకటి వారు వ్యాసంగా రాసుకురమ్మన్నారు. “విన్న మాట ఒక్కటే చాలదు, ఆధారం చూపాలి” అని కూడా అన్నారట.

అమ్మాయికి వెంటనే ధాత కరువు జ్ఞాపకం వచ్చింది. మాది వాన తక్కువ సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అదీ వేళకు పడదు. వేరుశనగ చేలు ఎండిన ప్రతి ఏడూ వాళ్ళ అవ్వ అదే మాట ఎత్తుతుంది: “ఇదేం కరువు లేమ్మా! ధాత కరువులో మనోళ్ళు పొద్దస్తమానం కంకర కొట్టినా కడుపుకు చాలినన్ని గింజలు ఇయ్యలేదంట.” ఆ మాట అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది.

ఈ కాలపు కాలేజీ లైబ్రరీలో పుస్తకాల పట్టిక కంప్యూటరులో ఉంటుంది. ఇంట్లో కూర్చుని సెల్ ఫోనులో కూడా దాన్ని చూడవచ్చు. పైన ఒక ఖాళీ గడి ఉంటుంది. కావలసిన మాట అందులో రాస్తే, ఆ లైబ్రరీలో ఏ పుస్తకాలున్నవో వరసగా చూపుతుంది. అమ్మాయి ఆ గడిలో “ధాత కరువు” అని రాసింది. ఏమీ లేదన్నది. “అనంతపురం కరువు 1877” అని ఇంగ్లీషులో రాసింది. అప్పుడూ ఏమీ లేదన్నది. ఏడాది తీసేసి చూస్తే, ఈమధ్య వేరుశనగ రైతుల కష్టాలను గురించి వచ్చిన పుస్తకాలు నాలుగైదు కనిపించాయి.

సెలవులకు ఊరికి వచ్చి, “సార్, అట్లాంటి కరువే రాలేదేమో! అవ్వ ఊరికే చెబుతున్నదేమో!” అన్నది. ఆ మాట అంటున్నప్పుడు అమ్మాయి మొగం చిన్నబోయింది.

నేను చదువుకున్న రోజుల్లో లైబ్రరీ గుమ్మం పక్కన చెక్క పెట్టె ఉండేది. దానికి చిన్న చిన్న సొరుగులు. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క కార్డు. కార్డు మీద రచయిత పేరు, పుస్తకం పేరు, విషయం, అచ్చైన సంవత్సరం, అలమారలో దాని స్థానం చెప్పే అంకె ఉండేవి. ఇప్పటి కంప్యూటరు పట్టిక ఆ పెట్టెకు మనమడి వంటిది. అది సాధారణంగా పుస్తకం తెరిచి లోపల చదవదు. కార్డు మీది మాటలనే చూస్తుంది. మీరు అడిగిన మాట కార్డు మీద ఉంటే చూపుతుంది, లేకపోతే లేదంటుంది. “లేదు” అంటే “ఆ మాట కార్డు మీద లేదు” అనే అర్థం. లోకంలోనే లేదని కాదు!

“ధాత అంటే ఏ సంవత్సరం?” అని అడిగాను. అమ్మాయికి తెలియలేదు. ఈ కాలం పిల్లలకు అరవై సంవత్సరాల పేర్లు నేర్పించేవారేరీ? ధాత అంటే 1876-77, దాని తరవాతి ఈశ్వర 1877-78. ఇంగ్లీషులో పుస్తకం రాసిన దొరకు ధాత ఎవరో తెలియదు. అతను “మద్రాసు క్షామం” అనో, “దక్షిణ భారతంలో క్షామం” అనో రాస్తాడు.

“మరి అనంతపురం అని కూడా వెతికాను గదా!” అన్నది అమ్మాయి.

అసలు తమాషా అక్కడే ఉన్నది. 1877లో అనంతపురం జిల్లా అనేదే లేదు! అది 1882లో ఏర్పడింది. అంతకు ముందు ఈ సీమంతా బళ్ళారి జిల్లా. ఆ బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. కాబట్టి, కంబదూరు కరువును వెతకాలంటే పొరుగు రాష్ట్రంలో ఉన్న బళ్ళారి పేరుతో వెతకాలన్న మాట.

మా ఇంటి అరుగు మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. ఇంగ్లీషులో “క్షామం” అనే మాటకూ, “బళ్ళారి” అనే మాటకూ మధ్య “ఆండ్” అని రాయించాను. అలా రాస్తే, రెండు మాటలూ ఉన్న కార్డులే వస్తాయి. “ఆండ్” బదులు “ఆర్” అని రాస్తే రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా వస్తాయి. ఆండ్ వల జల్లెడ వంటిది, ఆర్ వల చాలా పెద్దది. ఈ లెక్కకు మూలమైన సూత్రాలు చెప్పిన జార్జి బూల్ తన పుస్తకం 1854లో అచ్చువేశాడు. కంప్యూటరు ఎట్లా ఉంటుందో ఆయన ఎరుగడు. పంతొమ్మిదో ఏట సొంతంగా బడి పెట్టుకుని పిల్లలకు చదువు చెప్పినవాడు. (మా వృత్తివాడు గనక ఈ ముక్క చెప్పకుండా ఉండలేను.)

బళ్ళారి పేరుతో ఏమీ రాలేదు. అప్పుడు “బళ్ళారి ఆర్ మద్రాసు ఆర్ దక్షిణ భారతం” అని మూడూ కలిపి బ్రాకెట్టులో పెట్టి, దానికి క్షామాన్ని జతచేశాం. వచ్చింది! విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు ఆ కరువును గురించి 1878లోనే రెండు సంపుటాలు అచ్చువేశాడు. ఆ రెండు సంపుటాలూ పట్టికలో ఉన్నాయి. ఒకటి అలమారలో ఉన్నదనీ, రెండోది ఎవరో తీసుకుపోయారనీ, ఫలానా తేదీకి తిరిగి రావాలనీ కూడా కంప్యూటరే చెప్పింది.

పుస్తకం పక్కన ఉన్న అంకెను అమ్మాయి చేత కాగితం మీద రాయించాను. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో 954 అంటే భారతదేశ చరిత్ర, 954.8 అంటే దక్షిణ భాగం. ఒకే విషయం పుస్తకాలు ఒకే చోట ఉంటాయి గనక, అలమార దగ్గరికి వెళ్ళినప్పుడు కావలసిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్నవాటిని కూడా చూడాలి. అలా చూడబట్టే అమ్మాయికి 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజెటీరు కూడా చిక్కింది. కంప్యూటరును దాని కోసం ఆమె అడగనే లేదు.

కాలేజీ లైబ్రరీ మనకేదీ అనుకోకండి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో బడిపిల్లలు కూడా ఉచితంగా వెతకవచ్చు. డిగ్బీ పుస్తకమైతే ఇంటర్నెట్ ఆర్కైవులో ఎవరైనా పుట పుటా తిప్పి చదవవచ్చు. కాని అమ్మాయికి అచ్చు పుస్తకమే కావాలట. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఇంతకీ అవ్వ మాట ఏమైంది? 1877 జనవరిలో వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ దొర, కరువు పనులు చేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్ళకూ, పనిచేసే పిల్లలకూ ఇంకా తక్కువ. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్యాధికారిగా ఉన్న డాక్టరు కార్నిష్, “ఇంత తిండితో మనిషి కష్టం చెయ్యలేడు, ఒకటిన్నర పౌనులైనా ఇవ్వాలి” అని వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం దిగివచ్చి కొంత ధాన్యం, కాస్త పప్పు పెంచింది. అప్పటికే ఎందరో చనిపోయారు. ఆ కరువు మొత్తంలో లక్షలమంది పోయారు.

అమ్మాయి ఈ లెక్కలన్నీ రాసుకుని ఆదివారం ఇంటికి వచ్చింది. వంటింట్లోనుంచి తక్కెడ తెచ్చి 450 గ్రాముల రాగులు తూచి అవ్వ ముందు పెట్టింది. అవ్వ వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసిందట.

“మన ఊరి పేరుందా పాపా, దాంట్లో?” అని అడిగింది.

“ఈ సంపుటంలో కనపడలేదవ్వా. రెండోది ఇంకా రాలేదు” అన్నది అమ్మాయి.

ఆ పుస్తకం తిరిగి రాగానే తనకే ఇవ్వాలని ఆమె కంప్యూటరులో పేరు రాయించుకున్నది. వచ్చే సోమవారం గడువు. తెల్లవారి కళ్యాణదుర్గం బస్సుకే పోతుందట.