పటములోని మన వీధి

వీధిని చిత్రింప మనకు పాశ్చాత్యులు నేర్పిరని కొందరు వ్రాయుచున్నారు. ఈ మాట మేమంగీకరింపజాలము. బెజవాడకు సమీపముననే యున్న అమరావతిలో, క్రీస్తుశకము తొలి శతాబ్దులలోనే, మదగజమగు నాళాగిరి బుద్ధునకు లొంగిన కథను చెక్కిన శిల్పి, బెదరి పరువెత్తు జనులతోను, గవాక్షములనుండి తొంగిచూచువారితోను వీధినంతను రాతిలో నిలిపినాడు. ఆ ఫలకమిపుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది.

మరి పాశ్చాత్యరీతి మనకేమి తెచ్చెను? పదునెనిమిదవ శతాబ్దాంతమునుండి దక్షిణదేశమున ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు మన చిత్రకారులచేత కులవృత్తుల పటములు వ్రాయించుకొనిరి. తంజావూరి చిత్రకారులలో పెక్కుమంది తెలుగు మాటలాడు రాజు కుటుంబములవారు. వెలుగునీడలు తీర్చుట, అవయవములకు గుండ్రదనము కల్పించుట, కాగితముపై నీటిరంగులు వాడుట మున్నగు మెలకువలను వారు త్వరలోనే వశపరచుకొనిరి. ఒక్కొక్క పటమున ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారి పనిముట్లు. వెనుక మాత్రము తరచుగా వీధి లేదు, ఇల్లు లేదు, ఇరుగుపొరుగు లేదు. కొన్నవారికి వలసినది మనుష్యుడు కాదు, మాదిరి. చేతిపని మనది, చూపు వారిది. వ్రాసినవారి పేర్లు సైతము చాలవరకు నశించినవి. తన రూపమును తానే చిత్రించుకొనిన వెల్లూరి ఎల్లప్ప వంటివారు అరుదు. లండనులోని వాలెస్ కలెక్షన్ 2019లో ఇట్టి మరుగుపడిన చిత్రకారులకై ప్రదర్శనము జరుపువరకు ఎల్లప్ప పేరు మనలో నెందరు విన్నారు?

ఈ చూపును మరలించినవారిలో రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు అగ్రగణ్యులు. 1897లో జన్మించిన వీరి ప్రతిభను అచ్చటి కళాశాలాధ్యక్షుడగు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించెను. బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్యవిద్య నభ్యసించి, స్వస్థలమునకు మరలివచ్చి, అచ్చట చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో మశూచికము వారిని కబళించునప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ‘నందిపూజ’, ‘పుష్పాలంకారము’ మున్నగు పటములందలి స్త్రీలు మాదిరులు కారు, మన యిండ్లలోని యాడువారు. దేహనిర్మాణజ్ఞానము బొంబాయిలో నేర్చినదే, కాని వారిని చూచిన కన్ను గోదావరి ఒడ్డునిది. పరవిద్య నభ్యసించుటలో దాస్యము లేదు. మనలను మనము పరుల కన్నులతో చూచుకొనుటయే దాస్యము.

ఇక గవర్నరుపేట మాట. పేరులోనే గవర్నరును మోయుచున్న యీ పేటలో ధనమునకు కొదవ లేదు. మన గోడలపై రవివర్మ అచ్చుపటములు వ్రేలాడినవి, పెండ్లి ఫొటోలు వ్రేలాడుచున్నవి. బీసెంటు రోడ్డు బేరములను, ఏలూరు కాలువగట్టు సందడిని చిత్రించిన పటమొకటి మన చావళ్లలో నెన్ని యిండ్ల గలదు? పాత దుకాణములు పడగొట్టబడి మేడలు లేచుచున్నవి. నేడు చూచిన వీధి రేపుండదు.

పాఠకులలో సంపన్నులగు వారికి మా విన్నపము రెండు మాటలే. రాజమహేంద్రవరమునకు శుభకార్యములకై పోయినపుడు రామారావుగారి చిత్రశాలలో నొక గడియ నిలువుడు. మరలివచ్చిన పిమ్మట మన యూరి యువకునొకని పిలిచి, తగిన వెలయిచ్చి, మన వీధిని వ్రాయింపుడు. పటము క్రింద అతని పేరును స్పష్టముగ వ్రాయింప మరువకుడు.