అరికాలి ముందుభాగం ఎందుకు నొప్పెడుతుంది?

చాలాసేపు స్కిప్పింగ్ ఆడాక కాలివేళ్ల వెనక, అరికాల్లో మంట పుడుతోందా? అక్కడ అయిదు పొడవాటి ఎముకల చివర్లు వరసగా ఉంటాయి. వాటి కింద కొవ్వు మెత్త ఉంటుంది. మడమ లేపి ఎగిరినప్పుడల్లా ఒంటి బరువంతా అక్కడే పడుతుంది. బూటు ఇరుకైతే ఎముకల మధ్య నరం కూడా నలుగుతుంది. అప్పుడు మూడు, నాలుగు వేళ్ల దగ్గర గులకరాయి తొక్కినట్టుంటుంది. అమెరికా వైద్యుడు థామస్ మోర్టన్ 1876లోనే ఈ నొప్పి గురించి రాశాడు.

ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. వేళ్లు కదిలేంత వెడల్పు బూట్లు వేసుకోండి. బూటులో మెత్త పెడితే సరిగ్గా నొప్పి ఉన్నచోట కాదు, కాస్త వెనక పెట్టాలి. అప్పుడే ఎముకల చివర్ల మీద భారం తగ్గుతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. పాదం పైన వాచిందా? ఓర్చుకోకండి, ఎముక సన్నగా చిట్లి ఉండొచ్చు. వెంటనే అమ్మానాన్నలకు చెప్పి డాక్టరుకు చూపించుకోండి.