పాత కంప్యూటర్‌లో కొత్త కార్డు: హార్డ్‌డిస్క్ స్థానంలోకి ఫ్లాష్ మెమరీ

విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో, పాతికేళ్లు దాటిన చిన్న కర్మాగారాల్లో ఒక కంప్యూటర్ కనిపిస్తూ ఉంటుంది. డబ్బా పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. తెర మీద విండోస్ 98, లేదంటే నల్లటి డాస్ తెర. 'దయచేసి ఆపవద్దు' అని రాసిన కాగితం ఒకటి దానికి అతికించి ఉంటుంది. తుక్కు కొట్టులో వేస్తే ఆ కంప్యూటర్‌కు పెద్దగా ఏమీ రాదు. కానీ దాని వెనక నుంచి బయలుదేరే కేబుల్ లక్షల రూపాయల ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్‌కో, స్పెక్ట్రోఫోటోమీటర్‌కో, సీఎన్‌సీ లేత్ యంత్రానికో వెళ్తుంది. పరికరం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. దాన్ని నడిపే కంప్యూటర్ ఆగిపోతే మాత్రం అది కదలని ఇనుప ముద్దే.

కొత్త కంప్యూటర్ కొంటే సరిపోదా? సాధారణంగా సరిపోదు. ఆ పరికరాన్ని నియంత్రించే కార్డు ఐఎస్ఏ స్లాట్‌లో కూర్చుంటుంది, నేటి మదర్‌బోర్డుల్లో ఆ స్లాట్ లేదు. సాఫ్ట్‌వేర్ ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసింది. తయారీ సంస్థ ఆ మోడల్‌ను ఎప్పుడో వదిలేసి ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసిన ఫ్లాపీలు బూజు పట్టి ఉంటాయి. అంటే పరికరాన్ని కదిలించే ప్రోగ్రామ్‌కు మిగిలిన ఒకే ఒక ప్రతి ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లోనే ఉందన్నమాట. మన దేశంలో మరమ్మతు హక్కుపై 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీని వేసింది. అది దృష్టి పెట్టిన రంగాలు మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు. ప్రయోగశాల పరికరాల గోడు ఆ జాబితాలో లేదు. కాబట్టి ల్యాబ్ వాళ్లు తమ దారి తామే వెతుక్కోవాలి. అందుబాటులో ఉన్న దారుల్లో చవకైనది, ఎక్కువమంది ప్రయత్నించి చూసినది ఒకటుంది: పాత హార్డ్‌డిస్క్‌ను తీసేసి దాని స్థానంలో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టడం.

ముందుగా పోయేది హార్డ్‌డిస్కే

పాత కంప్యూటర్‌లో ప్రాసెసర్, మెమరీ చిప్పులు దశాబ్దాల పాటు నిలుస్తాయి. వాటిలో కదిలేది ఏదీ లేదు. హార్డ్‌డిస్క్ సంగతి వేరు. నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం, దానిపై కొన్ని పదుల నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలే హెడ్. మనిషి వెంట్రుక మందం సుమారు 70 వేల నానోమీటర్లని గుర్తుచేసుకుంటే ఆ ఎత్తు ఎంత తక్కువో అర్థమవుతుంది. బేరింగ్‌లోని కందెన ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది. పళ్లెం మీద చదవలేని సెక్టార్లు పెరుగుతాయి.

'ఆపవద్దు' అన్న కాగితం వెనక కూడా కొంత భౌతికశాస్త్రం ఉంది. ఆ కాలపు చాలా డిస్కుల్లో కరెంటు పోగానే హెడ్ పళ్లెం మీదే ఒక మూల దిగి కూర్చుంటుంది. అద్దంలా నునుపైన రెండు ఉపరితలాలు ఎక్కువకాలం ఆనుకుని ఉంటే వాటి మధ్య పలుచని ద్రవపు పొర చేరి అతుక్కుపోతాయి. మళ్లీ స్విచ్ వేసినప్పుడు అరిగిన మోటారుకు ఆ పట్టు విడిపించే బలం ఉండదు. ఇరవై ఏళ్లు ఆగకుండా తిరిగిన డిస్క్ ఒక వేసవి సెలవుల తర్వాత తిరగకపోవడానికి ఒక కారణం ఇదే. కాగితం అతికించినంత మాత్రాన కరెంటు కోత ఆగదు కదా.

పాత డిస్క్ స్థానంలో మరో పాత డిస్క్ వెతికి తేవడం సహజంగా తట్టే ఉపాయం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో సెకండ్‌హ్యాండ్ డిస్క్ దొరకవచ్చు. కానీ దానికీ అదే వయసు, అదే అరుగుదల. ఒక ముసలి గుండెను తీసి మరో ముసలి గుండెను పెట్టినట్టే.

కార్డుకు డిస్క్ భాష వచ్చు

కాంపాక్ట్‌ఫ్లాష్‌ను శాన్‌డిస్క్ సంస్థ 1994లో తెచ్చింది. తర్వాత చాలా ఏళ్లు అది డిజిటల్ కెమెరాల కార్డుగానే జనానికి తెలుసు. కానీ పుట్టుకతోనే దానికి ఒక ప్రత్యేకత ఉంది. అప్పటి కంప్యూటర్లు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి పేరు ఐడీఈ. దాన్నే ఏటీఏ అని కూడా అంటారు. వెస్టర్న్ డిజిటల్, కాంపాక్, కంట్రోల్ డేటా సంస్థలు 1986 ప్రాంతంలో దీన్ని రూపొందించాయి. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులోని కంట్రోలర్ చిప్ కూడా సరిగ్గా ఇదే భాష మాట్లాడుతుంది. 'ఫలానా సెక్టార్ ఇవ్వు' అని మదర్‌బోర్డు అడిగితే, అవతల తిరిగే పళ్లెం ఉందా, సిలికాన్ ముక్క ఉందా అన్నది దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అందుకే మధ్యలో పెట్టే అడాప్టర్‌లో తెలివైన చిప్ ఏదీ అక్కర్లేదు. కార్డుకున్న 50 పిన్నులను డెస్క్‌టాప్ కేబుల్‌లోని 40 పిన్నులకో, ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే 44 పిన్నులకో కలిపే తీగలు, ఒక జంపర్, కరెంటు సాకెట్, అంతే. ధర కొన్ని వందల రూపాయలు. ఫోన్లలో వాడే ఎస్‌డీ కార్డుకు ఈ భాష రాదు. దానితోనూ ఈ పని చేయవచ్చు గానీ మధ్యలో అనువాదం చేసే చిప్ ఉన్న అడాప్టర్ కావాలి. ఆ చిప్ నాణ్యతను బట్టే ఫలితం ఉంటుంది. పాత పారిశ్రామిక యంత్రాల విషయంలో కాంపాక్ట్‌ఫ్లాష్‌కే ఓటు వేయడం మేలు.

చరిత్రలో దీనికి అద్దం పట్టే తమాషా ఒకటి జరిగింది. 1999లో ఐబీఎం సంస్థ ఒక అంగుళం పళ్లెంతో నిజమైన హార్డ్‌డిస్క్‌ను తయారుచేసి కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు ఆకారంలో కుదించింది. దాని పేరు మైక్రోడ్రైవ్, సామర్థ్యం 170, 340 ఎంబీలు. అప్పట్లో కార్డు స్థానంలోకి డిస్క్ వెళ్లింది, ఇప్పుడు డిస్క్ స్థానంలోకి కార్డు వస్తోంది.

వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. నిమిషానికి 5400 చుట్లంటే ఒక్కో చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టార్ హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సమయం ఆగాలి. అంతకుముందు హెడ్ సరైన వరుసకు చేరడానికి మరో పది మిల్లీసెకన్లు. ఫ్లాష్‌లో వెతుకులాట లేదు, ఒక మిల్లీసెకనులోపే సమాచారం వస్తుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వందలాది చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి ఈ తేడా పోగుపడుతుంది. వేడి, చప్పుడు కూడా తగ్గుతాయి.

అరిగేది పళ్లెం కాదు, ఆక్సైడ్ పొర

ఇంతవరకు చెప్పింది విని కార్డు శాశ్వతమనుకుంటే పొరపాటే. ఫ్లాష్ మెమరీ కూడా అరుగుతుంది, వేరే విధంగా.

తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1980లలో కనిపెట్టిన ఈ మెమరీలో ప్రతి కణం ఒక ట్రాన్సిస్టర్. దానిలో చుట్టూ ఆక్సైడ్‌తో మూసేసిన ఒక చిన్న గది ఉంటుంది. దాన్ని ఫ్లోటింగ్ గేట్ అంటారు. ఎలక్ట్రాన్లు లోపల ఉంటే ఒక విలువ, లేకపోతే మరో విలువ. ఆ గదికి తలుపు లేదు. పది నానోమీటర్లకు అటూఇటూగా మందం ఉన్న ఆక్సైడ్ గోడ మీద ఇరవై వోల్టుల దాకా ప్రయోగిస్తే ఎలక్ట్రాన్లు క్వాంటం టన్నెలింగ్ ద్వారా గోడ దాటిపోతాయి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో కాగితం మీద లెక్క కట్టే టన్నెలింగ్ ఇక్కడ కెమెరా కార్డులో రోజూ జరిగే పని. అయితే దాటిన ప్రతిసారీ గోడలో కొద్దికొద్దిగా లోపాలు పేరుకుంటాయి. కణానికి ఒక బిట్ దాచే ఎస్ఎల్‌సీ రకం సుమారు లక్షసార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటుంది. రెండు బిట్లు దాచే ఎంఎల్‌సీ కొన్ని వేలసార్లు, మూడు బిట్ల టీఎల్‌సీ వెయ్యికి అటూఇటూ.

పైగా ఫ్లాష్‌లో ఒక్క సెక్టార్‌ను విడిగా చెరపడం కుదరదు. పెద్ద గుత్తిగా, అంటే ఒక బ్లాక్ మొత్తాన్ని చెరపాలి. 512 బైట్లు మార్చడానికి కంట్రోలర్ అంతకు ఎన్నో రెట్లు రాయవలసి రావచ్చు.

ఇది ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ లెక్కతో చూడవచ్చు. 4 జీబీ కార్డు, వెయ్యిసార్లు మాత్రమే తట్టుకునే రకం అనుకుందాం. డాస్‌లో నడిచే పరికరం రోజుకు 10 ఎంబీ రాస్తుందనుకుందాం. కంట్రోలర్ అరుగుదలను కార్డంతా సమానంగా పంచితే, ఒకసారి కార్డు నిండడానికి 400 రోజులు. వెయ్యిసార్లకు నాలుగు లక్షల రోజులు. రాత వందరెట్లు పెరుగుతుందని గట్టిగా అంచనా వేసినా నాలుగు వేల రోజులు, అంటే దాదాపు పదకొండేళ్లు. ఎస్ఎల్‌సీ అయితే ఈ లెక్క అసలు పట్టించుకోనక్కర్లేదు.

అదే కార్డును తక్కువ ర్యామ్ ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పెడితే కథ మారిపోతుంది. ర్యామ్ చాలక అది పేజ్ ఫైల్‌లో ఎడతెగకుండా రాస్తూ ఉంటుంది. రోజుకు 2 జీబీ, పెరుగుదల అయిదు రెట్లే అనుకున్నా కార్డు 400 రోజుల్లో అయిపోతుంది. అందుకని ర్యామ్ పెంచి పేజ్ ఫైల్‌ను ఆపేయాలి. పరికరాల కోసం వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఎంబెడెడ్‌లో అయితే రాతలన్నిటినీ ర్యామ్‌కు మళ్లించే ఫిల్టర్ ఒకటి ఉండేది. అది ఇలాంటి కార్డుల కోసం పెట్టినదే.

కార్డు కొనేటప్పుడు ఎన్ని జీబీలన్నది ఆఖరున చూడాల్సిన సంగతి. డాస్ వాడే ఎఫ్ఏటీ16 పద్ధతిలో ఒక పార్టిషన్ 2 జీబీ దాటదు, ఇక 128 జీబీ కార్డుతో పనేముంది? ముందు చూడాల్సింది అది పారిశ్రామిక తరగతిదా కాదా అన్నది. మామూలు కార్డులకు 0 నుంచి 70 డిగ్రీలు పరిమితి, పారిశ్రామిక కార్డులు మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. రెండోది, అది తనను తాను 'స్థిర డిస్క్' అని చెప్పుకుంటుందా, 'తీసి పెట్టగల డిస్క్' అని చెప్పుకుంటుందా అన్నది. కెమెరా కార్డుల్లో చాలావరకు రెండో రకం. డాస్‌కు దీనితో ఇబ్బంది ఉండదు గానీ విండోస్ ఎక్స్‌పీ వాటితో పేచీ పెడుతుంది.

బూట్ కాకపోతే

అన్నీ సరిగ్గా చేసినా తెర మీద 'ఆపరేటింగ్ సిస్టమ్ లేదు' అన్న సందేశం రావచ్చు. చాలామంది ఇక్కడే కార్డు పనికిరాదని తేల్చేసి వదిలేస్తారు. నిజానికి తప్పు కార్డుది కాదు, లెక్కల తేడాది. పాత బయోస్‌లు డిస్క్‌ను సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడు అంకెలతో గుర్తిస్తాయి. ఐడీఈ పరిమితి, బయోస్ పరిమితి కలిస్తే గరిష్ఠంగా 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు. వీటిని 512 బైట్లతో గుణిస్తే 52,84,82,304 బైట్లు, అంటే సుమారు 528 ఎంబీ. 1990ల తొలినాళ్ల మదర్‌బోర్డులు అంతకు మించి చూడలేవు. తర్వాతవి చూడగలిగినా, ఒక్కోటి ఒక్కో రకంగా ఆ అంకెలను మార్చి లెక్కిస్తుంది. పాత డిస్క్‌లోని బూట్ సెక్టార్‌లో పాత అంకెలే రాసి ఉంటాయి. యూఎస్‌బీ కార్డు రీడర్‌లో పెట్టి అక్షరం పొల్లుపోకుండా నకలు తీసినా, పాత యంత్రం కొత్త కార్డును వేరే అంకెలతో చూస్తే మొదటి అడుగే తడబడుతుంది. పాత డిస్క్ అంకెలను బయోస్‌లో చేత్తో నమోదు చేయడం ఒక ఉపాయం. లేదా కార్డును ఆ పాత కంప్యూటర్‌లోనే పార్టిషన్, ఫార్మాట్ చేసి, డాస్ సిస్టమ్ ఫైళ్లు ఎక్కించి, మిగతావి కాపీ చేయాలి.

కొన్ని చవక అడాప్టర్లలో డీఎంఏ తీగలు కలపరు. కార్డు మాత్రం తనకు డీఎంఏ వచ్చని చెబుతుంది. ఫలితంగా విండోస్ మొదలవుతూ నిమిషాల తరబడి బిగుసుకుపోతుంది. బయోస్‌లో డీఎంఏ ఆపేస్తే కదులుతుంది. ఇంకో చిక్కుకు ఇంత తేలికైన మందు లేదు: కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు పాత డిస్క్ సీరియల్ నంబర్‌కు ముడిపడి ఉంటుంది. అది ముందే తెలుసుకోవాలి.

నకలు తీయడానికి మంచి సమయం డిస్క్ ఇంకా బతికి ఉన్నప్పుడే. ఇప్పటికే టిక్ టిక్ మంటుంటే దాన్ని పదేపదే ఆన్ చేసి చూడటం మానాలి, ప్రతి ప్రయత్నమూ మిగిలిన ఆయువును తినేస్తుంది. లైనక్స్‌లో దొరికే ఉచిత ప్రోగ్రామ్ జీఎన్‌యూ డీడీరెస్క్యూ మొదట బాగున్న భాగాలను త్వరగా చదివేసి, చెడిన చోట్లను ఆఖరుకు వదిలిపెడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మొదటికి రాదు. నేరుగా కార్డుకు కాకుండా ముందు ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసుకోవాలి. కార్డును బిగించేటప్పుడు, తీసేటప్పుడు కంప్యూటర్ పూర్తిగా ఆపి ఉండాలి. కెమెరాలోంచి లాగినట్టు లాగకూడదు.

అదే ఇమేజ్‌తో రెండో కార్డు కూడా తయారుచేసి పెట్టుకోవచ్చు. అయితే దాన్ని బీరువాలో పదేళ్లు పడేసి ఉంచి నమ్మకూడదు. ఫ్లోటింగ్ గేట్‌లోని ఎలక్ట్రాన్లు నెమ్మదిగా జారిపోతాయి, వేడికి ఇంకా త్వరగా. ఆయువు తీరేదాకా వాడిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలిపితే చాలని జెడెక్ ప్రమాణం చెబుతుంది. కొత్త కార్డు అంతకన్నా చాలా కాలం నిలుస్తుంది గానీ, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఇమేజ్‌ను మళ్లీ రాయడం మంచిది. ఇమేజ్ ఫైల్ రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. తీసేసిన డిస్క్‌ను పారేయకుండా, తేదీ రాసి యాంటీస్టాటిక్ కవర్‌లో దాచాలి.

డబ్బా ఎలాగూ తెరిచారు కనుక మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కూడా ఒకసారి చూడాలి. అది చచ్చిపోతే బయోస్‌లో చేత్తో నమోదు చేసిన అంకెలన్నీ పోతాయి. ఇంకా పాత బోర్డుల్లో బిళ్లకు బదులు టంకం వేసిన చిన్న పీపా లాంటి బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. దాన్ని ముందే తీయించి కొత్తది పెట్టించాలి, బయోస్ అంకెలను ఒక కాగితం మీద రాసి డబ్బా లోపల అతికించాలి.